లైబ్రరీ సైన్స్ చదివే అమ్మాయికి కెమెరా ఎందుకు?

చీరాల నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మా అమ్మాయి ఎం.ఎల్.ఐ.ఎస్సీ చదువుతోంది. ఖాళీ దొరికితే మా ఊరి లైబ్రరీకి వెళ్లి ఫొటోలు తీస్తుంది, ఫోన్‌లోనే ఎడిట్ చేసి పోస్టర్లు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంది. ఇప్పుడు పెద్ద కెమెరా కొనమంటోంది. దీనివల్ల ఉద్యోగానికి లాభం ఉందా, లేక చదువు పాడవుతుందా అని టెన్షన్‌గా ఉంది."

కెమెరా ఇప్పుడే వద్దండీ. కానీ ఆ పని మాత్రం ఆపించకండి.

ప్రభుత్వ గ్రంథాలయాల్లో పోస్టులు నోటిఫికేషన్, రాతపరీక్షల మీద వచ్చేవి, అక్కడ ఫొటోలకు మార్కులు ఉండవు. డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ కావాలంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) మీద గురిపెట్టాలి. కాబట్టి చదువుకునే టైమ్‌లో కోత పడకూడదు. అయితే ప్రైవేటు స్కూళ్లు, ఇంజనీరింగ్ కాలేజీల ఇంటర్వ్యూల్లో "మా లైబ్రరీకి పిల్లలు రావడం లేదు, మీరేం చేస్తారు?" అని అడిగినప్పుడు చేసిన పని తీసి చూపించగలిగేవాళ్లు చాలా తక్కువ. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే ఎస్.ఆర్. రంగనాథన్ గారు లైబ్రరీల కోసం 1931లో రాసిన ఐదు సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది. మీ అమ్మాయి ఫోన్‌తో చేస్తున్నది అదే పని, అందుకే నేను దాన్ని కాలక్షేపం అనను.

మిగతాది అమ్మాయికి చూపించండి, తనకే రాస్తున్నాను.

అమ్మా, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ వారం ఏ ఊరి ఫొటోలు చూసినా అతిథులు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలే. రికార్డుకు అవి కావాల్సిందే, కానీ వాటిని చూసి కొత్తవాళ్లెవరూ లోపలికి రారు. ఇంతవరకూ రాని మనిషికి తెలియాల్సినవి వేరే ఉన్నాయి: గ్రూప్-2కి చదువుకోవడానికి టేబుల్ దొరుకుతుందా, ఆడపిల్లలు నిశ్చింతగా కూర్చునే చోటుందా, ఈ నెల ఏం పుస్తకాలు వచ్చాయి, ఎన్నింటికి తెరుస్తారు. ఒక్కో ఫొటో వీటిలో ఒక్కదానికి జవాబు చెబితే చాలు. నీకు పక్కనే వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది, దాని భవనానికి గాంధీజీ 1929లో శంకుస్థాపన చేశారు. బయట నిలబడి భవనం ఫొటో అందరూ తీస్తారు. నువ్వు అనుమతి అడిగి, వాళ్ల పాత పత్రికల్లో ఒకదాని తేదీ స్పష్టంగా కనిపించేలా దగ్గరగా తీసి, "మీ తాతగారు పుట్టిన ఏడాది పత్రిక ఉందేమో వచ్చి అడగండి" అని కింద రాయి.

తీసేముందు లెన్స్ తుడువు, గ్రిడ్ గీతలు ఆన్ చెయ్యి, ఫ్లాష్ వద్దు, అట్టల మీద, బీరువా అద్దాల మీద మెరుపు పడుతుంది. ఉదయం కిటికీ వెలుగు బాగుంటుంది. ఎడిటింగ్‌కి స్నాప్‌సీడ్ యాప్ చాలు: ఒరిగిన బీరువాలను నిటారు చెయ్యి, అనవసరమైనది క్రాప్ చెయ్యి, ట్యూబ్‌లైట్ వల్ల వచ్చిన ఆకుపచ్చ ఛాయను వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపును తెల్లగా సరిచేసే టూల్) తగ్గించు, అక్కడితో ఆగు. రంగులు మరీ పెంచితే వచ్చిన మనిషికి లోపల ఆ లైబ్రరీ కనిపించదు, మళ్లీ రారు. ఒరిజినల్ ఫైల్ ఎప్పుడూ వేరేగా దాచు. పోస్టర్ మీద తెలుగు పెట్టేటప్పుడు యూనికోడ్ ఫాంటే వాడు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి, గ్రంథాలయం అన్న మాటే తప్పుగా పడితే ఇక మనల్ని ఎవరు నమ్ముతారు? ఏ4 సైజులో ప్రింట్ వేయించాలంటే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. ప్రింటింగ్ షాపుకి వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు.

ఒక్క విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. ఎవరి ముఖమైనా కనిపిస్తే ముందు అడుగు, పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తీసుకో. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే ఇష్యూ రిజిస్టర్, ఫోన్ నంబర్లు, పక్కవాళ్ల కంప్యూటర్ స్క్రీన్ ఫ్రేములోకి రానివ్వకు. ఎవరు ఏం చదువుతున్నారన్నది వాళ్ల సొంత విషయం. కొత్త పుస్తకం అట్ట చూపించు, లోపలి పేజీలు తీసి గ్రూపుల్లో పెట్టకు, మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది.

ఇక ఉద్యోగానికి పనికొచ్చే ముక్క. పోస్టర్ పెట్టకముందు నెలలో ఆ పుస్తకాలు ఎన్నిసార్లు ఇష్యూ అయ్యాయి, పెట్టాక ఎన్నిసార్లు అయ్యాయి, లైబ్రేరియన్ గారిని అడిగి అంకెలు మాత్రం రాసుకో. పెరగకపోయినా రాసుకో, ఎందుకు పెరగలేదో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అదీ మంచి జవాబే. లైక్‌ల లెక్క ఎవరికీ అక్కర్లేదు. బాగా వచ్చిన నాలుగైదు ఫొటోలు, వాటి పక్కన ఈ అంకెలు పెట్టి చిన్న పీడీఎఫ్ చేసుకో.

నాన్నగారూ, కెమెరా మాట మళ్లీ ఎప్పుడు ఎత్తవచ్చంటే, అమ్మాయి పాత పుస్తకాల డిజిటైజేషన్ వైపు వెళ్లాలనుకుంటే. అక్కడ పేజీకి సమాంతరంగా కెమెరా నిలపడం, రెండు వైపులా సమానంగా వెలుగు పడేలా చూడటం రావాలి, ఫోన్‌తో నేర్చుకున్నదంతా పనికొస్తుంది. అప్పటిదాకా ఫోన్ బిగించుకునే ఒక ట్రైపాడ్ కొనివ్వండి.