పెప్పర్ స్ప్రేలో బాగా ఘాటైనది ఏది? బ్యాగులో వేసుకుని ఎక్కడికైనా వెళ్ళొచ్చా?

ఎక్కడికైనా అంటే కుదరదు. బ్రిటన్‌లో 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఇది నిషిద్ధ ఆయుధం. ఎవరి మీదా కొట్టక్కర్లేదు, జేబులో ఉన్నా నేరమే. కాలిఫోర్నియాలో ఉంచుకోవచ్చు గానీ లోపలి సరుకు 2.5 ఔన్సులు దాటకూడదు. విమానం క్యాబిన్‌లోకి అసలే తేనివ్వరు. అమెరికాలో చెక్-ఇన్ లగేజీలో 118 మిల్లీలీటర్ల డబ్బా ఒక్కటి పెట్టొచ్చు, అదీ పొరపాటున నొక్కుకోకుండా డబ్బాకు లాక్ ఉంటేనే. కొన్ని ఎయిర్‌లైన్లు దానికీ ఒప్పుకోవు. తాళాల గుత్తికి తగిలించి మరచిపోయినవాళ్ళే సెక్యూరిటీ దగ్గర ఇరుక్కుంటారు.

ఇక ఘాటు. డబ్బా మీద లక్షల్లో అచ్చేసే స్కోవిల్ యూనిట్లు (మిరప ఘాటును కొలిచే లెక్క) చూసి మురిసిపోకండి. చాలాసార్లు అది కలపకముందు మిరపసారానికున్న లెక్క. చూడాల్సింది మేజర్ క్యాప్సైసినాయిడ్ల శాతం, అంటే డబ్బాలోని మందులో మంట పుట్టించే అసలు పదార్థాలెంత అన్నది. 1 శాతం దరిదాపుల్లో ఉంటే బోలెడు.

అసలు తేడా కొట్టేది చేతి దగ్గర. బ్యాగు అడుగున, ఛార్జర్ వైరు కింద ఉన్న డబ్బా లేనట్టే. లిప్‌స్టిక్‌లా, పెన్నులా చేసినవి నాకు బొత్తిగా నచ్చవు: చీకట్లో రంధ్రం ఎటుందో తెలియదు. మూత కిందికి బొటనవేలు దూరే రకం తీసుకోండి, తడిమితేనే దిక్కు తెలుస్తుంది. పిడికిలితో పట్టుకుని, రెండో చెయ్యి అడ్డం పెట్టి, అవతలివాడి కళ్ళ మీదుగా అడ్డంగా అర సెకను నుంచి సెకను కొట్టి పక్కకు జరగాలి. ఎదురుగాలి ఉంటే సగం మీ మొహానికే. లిఫ్టులో పొగలా పరుచుకునే రకం కొడితే ఇద్దరూ దగ్గుతారు. అక్కడ జెల్ నయం, కాకపోతే గురి తప్పకూడదు. నీళ్ళు నింపిన ప్రాక్టీసు డబ్బాలు దొరుకుతాయి, ముందు వాటితో చెయ్యి అలవాటు చేసుకోండి.

అవతలివాడు కళ్ళు మూసుకుని కూలబడ్డాక మళ్ళీ కొడితే అది ఆత్మరక్షణ కాదు, దాడి. కేసు మీ మీదికే తిరుగుతుంది.

ఎండలో కారులో వదలొద్దు, 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలొచ్చు. గడువు తీరితే మందు ఘాటుగానే ఉండొచ్చు గానీ గ్యాస్ కారిపోయి ముందుకు చిమ్మదు. మీ కళ్ళలో పడితే రుద్దకుండా చల్లటి నీళ్ళు ధారగా పోసుకోండి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసి పారేయండి, కడిగి మళ్ళీ పెట్టుకోవద్దు.