నేల చూసిన ఫిలిప్పి

ప్రశ్న: మా తాతగారు గుంటూరు జిల్లా నుంచి తుంగభద్ర ఆయకట్టుకు తరలివెళ్లి సింధనూరు దగ్గర ఒక క్యాంపులో స్థిరపడ్డారు. జర్మన్లను దక్షిణ చిలీకి రప్పించిన బెర్న్‌హార్డ్ ఫిలిప్పి ప్రకృతి శాస్త్రజ్ఞుడని ఈమధ్య చదివాను. మొక్కలూ జంతువులూ సేకరించే మనిషికి వలసలతో ఏం పని?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ తాతగారు అక్కడ పొలం తీసుకునేముందు నల్లరేగడి గడ్డ ఒకటి చేత్తో నలిపి చూసే ఉంటారు. సముద్రానికి అవతల ఉన్న నేలను జర్మనీ రైతు అలా నలిపి చూడలేడు కనుక, చూసివచ్చి చెప్పే నమ్మకమైన మనిషి కావలసివచ్చింది. ఫిలిప్పి పని అదే.

1811లో బెర్లిన్ పక్కనున్న షార్లొటెన్‌బర్గ్‌లో పుట్టిన ఆయన, చిలీలో నమూనాలు సేకరిస్తూ తిరిగి, 1842లో యాంకిహ్వే సరస్సును చేరుకున్నాడు. ఎదురుగా మంచు కప్పిన ఓసోర్నో అగ్నిపర్వతం, చుట్టూ వానకు నానుతున్న దట్టమైన అడవి, అందులో మూడువేల ఏళ్లకు పైగా బతకగల అలెర్సే చెట్లు. వాటి నడుమ ఆయనకు తన దేశపు రైతులు సేద్యం చేయదగిన నేల కనిపించింది. 1846లో హెస్సే ప్రాంతం నుంచి తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. 1848లో చిలీ ప్రభుత్వం ఆయననే వలసల ప్రతినిధిగా జర్మనీకి పంపింది. కేథలిక్కులను తీసుకురమ్మన్నది ప్రభుత్వం కోరిక. ఆయన పిలుపు విని కదిలినవారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు.

ఆ భూములను ప్రభుత్వం బీడు భూములుగా లెక్కగట్టింది. ఆ మాటను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ దక్షిణ ప్రాంతం తరతరాలుగా హుయిల్లిచే ప్రజల నివాసం. ఫిలిప్పి తర్వాత బాధ్యత తీసుకున్న విసెంటే పెరెజ్ రోసాలెస్, వలసదారులకు చోటు చేయడానికి 1851లో అడవికి నిప్పు పెట్టించాడు. నిప్పు పెట్టడానికి కుదుర్చుకున్న పిచి హువాన్ కూడా హుయిల్లిచే మనిషే. ఆ మంటలు నెలల తరబడి ఆరలేదు. ఒక్కో చెట్టునూ పరిశీలించిన శాస్త్రజ్ఞుడు చూపించిన దారిలోనే ఆ చెట్లు బూడిద కావడం నన్ను ఎంతో బాధిస్తుంది. అయినా పొట్ట చేతపట్టుకుని ఓడ ఎక్కిన కుటుంబాలను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

తాను చూసిన సరస్సు దగ్గర ఊళ్లు వెలవడం చూసే అవకాశం ఫిలిప్పికి దక్కలేదు. దక్షిణపు కొసన మగలానెస్‌కు గవర్నరుగా వెళ్లి, 1852లో అక్కడి ఆదివాసుల చేతిలో మరణించాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, సరస్సుకు దిగువన సముద్రతీరంలో, ప్యూర్టో మోంట్ పట్టణానికి పునాది పడింది. ఆయన అన్న రుడాల్ఫ్ అదే ఏడాది శాంటియాగోలోని ప్రకృతి చరిత్ర మ్యూజియానికి డైరెక్టరై, నలభై ఏళ్లకు పైగా చిలీ మొక్కలను వర్ణిస్తూ, వాటికి పేర్లు పెడుతూ గడిపాడు.