స్వైపింగ్ మిషనును మార్చేశారేమో తెలిసేదెలా?

ప్రశ్న: మాది పాలకొల్లులో బట్టల షాపు. గల్లా దగ్గర ఒకే రకం స్వైపింగ్ మిషన్లు రెండున్నాయి. నేను లేనప్పుడు ఎవరో బ్యాంకు నుంచి వచ్చానని చెప్పి, అప్‌డేట్ చేయాలంటూ ఒక మిషనును బయటికి తీసుకెళ్లి తెచ్చాడట. అది మామూలుగానే పనిచేస్తోంది. అనుమానించాలా?

జవాబు: తప్పకుండా అనుమానించాలి. కార్డు వివరాలు కాజేసేవాడికి కావలసింది కూడా మిషన్ మామూలుగా పనిచేయడమే. ముందు దాని వాడకం ఆపి, మిషన్ ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ రోజు తమ మనిషిని పంపారో లేదో కనుక్కోండి. ఆ నంబరును మీ అగ్రిమెంటు కాగితాల్లోంచే తీసుకోండి. వచ్చినవాడు రాసిచ్చిన నంబరుకు చేస్తే వాడి మనిషే ఎత్తవచ్చు.

తరువాత చూడవలసినది సీరియల్ నంబరు. వెనుక స్టిక్కర్ మీది నంబరు, మిషన్ ఇచ్చిననాటి కాగితాల్లోని నంబరు, మెనూలో చూపే మోడలైతే తెర మీది నంబరు, ఈ మూడూ ఒకటే అయి ఉండాలి. స్టిక్కర్ ఒలిచి అంటించినట్లు అంచులు లేచి ఉన్నా, సీల్ చిరిగి ఉన్నా బ్యాంకుకు చెప్పండి. చార్జ్ స్లిప్పు మీద షాపు పేరు, టీఐడీ (ఆ మిషనుకు బ్యాంకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య) పాత స్లిప్పుల్లో ఉన్నట్లే ఉన్నాయా, ఆ మిషన్ మీద జరిగిన అమ్మకాల డబ్బు మీ ఖాతాకే చేరిందా అన్నదీ సరిచూడండి.

రెండు మిషన్లూ ఒకే రకం కావడం మీకు కలిసొచ్చింది. పక్కపక్కన పెట్టి, టార్చి వేసి చూడండి. అనుమానమున్న మిషన్ మీటలు ఎత్తుగా ఉండి, నొక్కితే మెత్తగా దిగుతుంటే, పిన్ పట్టుకోవడానికి వాటిపై మరో పొర అతికించి ఉండవచ్చు. చిప్ పెట్టే సందులో కార్డు ఇదివరకటి కంటే బిగుతుగా దిగుతుంటే లోపల పలుచని రేకు లాంటి పరికరం ఉండే అవకాశముంది. రంగులో తేడా, లేని స్క్రూ, కొత్త రంధ్రం, ఎక్కువ బరువు, ఎవరూ ఎరగని వైరు, వీటిలో ఏది కనిపించినా వదిలేయకండి. అలాగని స్క్రూడ్రైవర్ మాత్రం పట్టకండి. మూత తెరిస్తే లోపలి రహస్య సంకేతాలు చెరిగిపోయేలా ఈ మిషన్లను తయారుచేస్తారు కాబట్టి, బాగున్న మిషన్ కూడా మీ చేతుల్లో మూలపడుతుంది.

కార్డు చెల్లింపుల భద్రతకు ఉద్దేశించిన పీసీఐ డీఎస్ఎస్ నియమాలు కూడా మిషన్ల మోడల్, సీరియల్ నంబరు, ఉండే చోటు రాసిపెట్టుకోవాలని, అప్పుడప్పుడు తనిఖీ చేయాలని, పనివారికి శిక్షణ ఇవ్వాలని చెబుతాయి. మీకు ఒక నోటు పుస్తకం, అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు చాలు. సంక్రాంతి రద్దీలో మాత్రం రోజూ షాపు తెరవగానే చూడడం మేలు. ముందుగా బ్యాంకుకు ఫోన్ చేసి నిర్ధారించుకోనిదే మిషన్ ఎవరికీ ఇవ్వవద్దని గుమాస్తాకు గట్టిగా చెప్పండి. పాపం, బ్యాంకు పేరు చెబితే కాదనడం అతనికి కష్టమే; అందుకే ఆ మాట మీ నోట రావాలి.

ప్రశ్న: షాపులో కార్డు వాడాక నా ఖాతాలో డబ్బు పోతే? (భీమవరం)

జవాబు: వెంటనే కార్డు బ్లాక్ చేయించి, బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, డబ్బు పోయినట్లు బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోగా బ్యాంకుకు తెలిపితే నష్టం మీపై పడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి.