2 మి.మీ. షీటు బెండ్ చేస్తే కొలత పెరుగుతోంది, 60 టన్నుల మెషీన్ సరిపోతుందా?

మీరు అడిగినవి రెండు. మొదటిది: 2 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) కవరు, వెడల్పు వైపు నాలుగు బెండ్లు. డ్రాయింగులో వెడల్పు 300 ఉంటే పార్టు 302.7 వస్తోంది, కె-ఫ్యాక్టర్ (బెండ్ లెక్కలో వేసే అంకె, కింద వివరిస్తాను) మార్చి ఒక పార్టుకి కుదిరిస్తే ఇంకో పార్టుకి తప్పుతోంది. రెండోది: మీ షాపులోని 60 టన్నుల ప్రెస్ బ్రేక్ (షీటు వంచే మెషీన్) మీద 3 మి.మీ. ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) షీటు, మీటరున్నర పొడవు, వంగుతుందా లేదా. నేను బెంగళూరు పీణ్యలో ప్యానెల్ ఎన్‌క్లోజర్లు చేయించే పనిలో ఉన్నాను, ఈ రెండు ప్రశ్నలూ మా దగ్గర తరచూ వస్తూనే ఉంటాయి. రెండిటికీ మూలం ఒకే అంకె. పైనున్న పంచ్ షీటుని కిందున్న డైలోని వి ఆకారపు గాడిలోకి నొక్కుతుంది, ఆ గాడి వెడల్పు ఎంత? మీ ప్రశ్నలో అన్ని కొలతలూ ఉన్నాయి, అదొక్కటే లేదు.

ముందు కొలత సంగతి. క్యాడ్‌లో లోపలి రేడియస్ 1 మి.మీ. అని పెట్టి ఉంటారనుకుంటున్నాను. పంచ్ మొన రేడియస్ 1 కాబట్టి బెండ్ రేడియస్ కూడా అదే అనుకుంటారు చాలామంది. ఎయిర్ బెండింగ్‌లో అలా జరగదు. షీటు గాడి అడుగుదాకా దిగదు. పంచ్ మొన ఒకచోట, గాడి రెండు అంచులు రెండు చోట్ల, మొత్తం మూడు చోట్ల మాత్రమే దానికి తగులుతుంది. ఆ రెండు అంచుల మధ్య ఎంత ఖాళీ ఉందో దాన్ని బట్టి షీటు తన రేడియస్ తానే తెచ్చుకుంటుంది. మైల్డ్ స్టీలుకి అది గాడి వెడల్పులో సుమారు 16 శాతం, ఎస్ఎస్ 304కి 20 శాతం పైన. గాడి వెడల్పు 16 మి.మీ. అనుకుంటే దాని మీద మీ 2 మి.మీ. షీటు దాదాపు 2.6 రేడియస్‌తో వంగుతుంది, పంచ్ మొన 1 ఉన్నా సరే.

ఇప్పుడు లెక్క చూడండి. 90 డిగ్రీల బెండ్‌కి బెండ్ అలవెన్స్ (వంపులో పోయే షీటు పొడవు) అంటే 1.5708 × (రేడియస్ + కె × మందం). కె 0.42 తీసుకుంటే 1.5708 × (2.6 + 0.84), అంటే 5.40. వంచకముందు షీటు పొడవు తేల్చడానికి బయటి కొలతలు రెండూ కూడి అందులోంచి తీసేయాల్సిన బెండ్ డిడక్షన్ 2 × (రేడియస్ + మందం) − అలవెన్స్, అంటే 9.2 − 5.4 = 3.80. అదే రేడియస్ 1 అని పెడితే అలవెన్స్ 2.89, డిడక్షన్ 6 − 2.89 = 3.11. ఒక్కో బెండ్‌కి 0.69 తక్కువ తీసేశారు. నాలుగు బెండ్లకి 2.76. మీరు చూస్తున్న 2.7 అదే.

తేడా అంతా మధ్య వెడల్పులోనే ఎందుకు చేరిందంటే, ఆపరేటర్ మొదటి పీసు ఫ్లాంజ్ (వంచిన అంచు) కొలిచి బ్యాక్ గేజ్ (షీటు వెనక ఆనే ఆపు) సర్దుకుంటాడు. ఫ్లాంజులు నాలుగూ సరిగ్గా వస్తాయి. గేజ్ పట్టనిది మధ్య భాగం ఒక్కటే, బ్లాంక్‌లో (వంచకముందు కట్ చేసిన షీటులో) మిగిలిన అదనమంతా అక్కడికి పోతుంది. మధ్య కొలత ఒక్కటే పెరిగిందంటే బెండింగ్ వాళ్ళని అనకండి, డెవలప్‌మెంట్ లెక్క (వంచకముందు షీటు ఎంత ఉండాలన్న లెక్క) చూడండి.

కె-ఫ్యాక్టర్‌తో సర్దుబాటు ఎందుకు పనికిరాదో కూడా చెప్తాను. వంగినప్పుడు షీటు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకుంటుంది, సాగకా నొక్కుకోకా ఉండే పొర మధ్యలో ఎక్కడో ఉంటుంది. అది లోపలి ముఖం నుంచి మందంలో ఎంత భాగం దూరంలో ఉందో అదే కె. వంగేటప్పుడు ఆ పొర లోపలికి జరుగుతుంది కాబట్టి 0.5 దాటదు, మామూలు పనుల్లో 0.33 కంటే తగ్గదు కూడా. రేడియస్ 1 అలాగే ఉంచి 3.80 డిడక్షన్ రప్పించాలంటే కె 0.20 పెట్టాలి. అంత తక్కువ కె వచ్చిందంటే తప్పు కెది కాదు, రేడియస్‌ది. 90 డిగ్రీలకి అది సరిపోయినట్టే కనబడుతుంది. అదే కెతో 45 డిగ్రీల బెండ్ చేస్తే ఒక్కో బెండ్‌కి పావు మిల్లీమీటరు పైన తప్పుతుంది. ఒక పార్టుకి కుదిరి ఇంకోదానికి కుదరకపోవడానికి కారణాల్లో ఇదొకటి, గాడి మారిపోవడం ఇంకొకటి. లెక్కలో డిగ్రీ అంటే షీటు ఎంత తిరిగిందో అది, లోపల మిగిలిన కోణం కాదు. డ్రాయింగులో 120 అని ఉంటే లెక్కలో 60 వేయాలి.

పీణ్యలో ఇంకో చిక్కుంది. లేజర్ కటింగ్ ఒక షాపులో, బెండింగ్ ఇంకో షాపులో. బెండింగ్ ఎవరికిస్తారో తేలకముందే బ్లాంకులు కట్ అయిపోతాయి. ఒకరి దగ్గర 12 గాడి, ఇంకొకరి దగ్గర 16. 12 మీద రేడియస్ 1.9కి దిగి డిడక్షన్ 3.50 అవుతుంది, నాలుగు బెండ్లకి 1.2 మి.మీ. తేడా. కాబట్టి కటింగ్‌కి ఫైల్ పంపే ముందే బెండింగ్ షాపుకి వెళ్ళి అడగండి. అక్కడి ఆపరేటర్లలో హిందూపురం, అనంతపురం వైపు వాళ్ళు బాగానే తగులుతారు. "అన్నా, రెండు ఎంఎంకి ఏ గాడి వేస్తారు?" అంటే చాలు, "పదహారే సార్, పన్నెండు వేస్తే గీతలు పడతాయి" అని కారణంతో సహా చెప్తారు. నాలుగు ముఖాల డై అయితే ఒక్కో ముఖం మీద గాడి సైజు చెక్కి ఉంటుంది, వంగి చూసుకోండి. సందేహం ఉంటే వెర్నియర్‌తో అంచు నుంచి అంచుకి కొలవండి.

అన్నిటికన్నా నమ్మదగింది టెస్ట్ స్ట్రిప్. అదే షీటులోంచి సరిగ్గా 100 మి.మీ. పొడవు పట్టీ కట్ చేయించి, అదే గాడి మీద మధ్యలో 90కి వంచండి. మూలమట్టం పెట్టి కోణం చూడండి, 91 ఉన్నా కొలత నమ్మలేం. తర్వాత రెండు కాళ్ళ బయటి కొలతలు తీసుకోండి. 51.9, 51.9 వస్తే మొత్తం 103.8, అందులోంచి 100 తీసేస్తే మీ డిడక్షన్ 3.8. ఏ సూత్రమూ అక్కర్లేదు. షీటు మందాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి పక్కన రాసుకోండి. బిల్లులో 16 గేజ్ అని ఉంటే మన ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్) ప్రకారం 1.63 మి.మీ., అమెరికన్ స్టీల్ షీటు గేజ్‌లో 1.52. బయటి దేశం డ్రాయింగు వచ్చినప్పుడు దీన్ని తప్పకుండా అడిగి తేల్చుకోవాలి.

ఇక టన్నేజి, అంటే వంచడానికి కావాల్సిన బలం. ఎయిర్ బెండింగ్‌కి బలం = 1.33 × టెన్సైల్ స్ట్రెంగ్త్ × బెండ్ పొడవు × మందం × మందం ÷ గాడి వెడల్పు. టెన్సైల్ స్ట్రెంగ్త్ అంటే లాగినప్పుడు షీటు తెగేలోపు తట్టుకునే ఒత్తిడి. మిల్లీమీటర్లు, మెగాపాస్కల్స్ వేస్తే జవాబు న్యూటన్లలో వస్తుంది, 9810తో భాగిస్తే టన్నులు. 1.33 అనేది గాడి మందానికి 8 రెట్లు ఉన్నప్పటి గుణకం. మైల్డ్ స్టీలుకి 450 వేసుకుంటే 2 మి.మీ. షీటు, మీటరు పొడవు, 16 గాడి: 15 టన్నుల పైచిలుకు. 12 గాడి అయితే 20 దాటుతుంది. షీటూ మెషీనూ అవే, గాడి మారినందుకే అయిదు టన్నులు పెరిగింది. సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ మైల్డ్ స్టీలు) షీటు టెన్సైల్ మామూలుగా 450 కన్నా తక్కువే ఉంటుంది కాబట్టి ఈ లెక్క కాస్త ఎక్కువే చూపిస్తుంది, అది మంచిదే.

మీ ఎస్ఎస్ 304కి టెన్సైల్ 650 వేద్దాం. 3 మి.మీ., 1500 పొడవు, 24 గాడి: 1.33 × 650 × 1500 × 9 ÷ 24, అంటే 4,86,000 న్యూటన్లు, 49.6 టన్నులు. 60 టన్నుల మీద అవుతుంది, కానీ ఎక్కువ మిగల్లేదు. 20 గాడి వేస్తే 59.5 టన్నులు. అది చేయకండి. షీటు కాస్త గట్టిదో, కాస్త మందమో వస్తే దాటిపోతుంది. 32 గాడి వేస్తే 37 టన్నులతో హాయిగా వంగుతుంది, కానీ లోపలి రేడియస్ 6.4 దాకా పోతుంది, ఫ్లాంజ్ కనీసం 22-23 మి.మీ. ఉండాలి. అంతకన్నా చిన్న ఫ్లాంజ్ అయితే గాడి అంచు మీద ఆనక లోపలికి జారిపోతుంది. కనీస ఫ్లాంజ్ గాడి వెడల్పులో సుమారు 0.7 వంతు అని గుర్తుంచుకోండి.

మీ డ్రాయింగులో ఫ్లాంజ్ ఎంతో చూడండి. 25 ఉండి, రేడియస్ పెరిగినా కస్టమర్‌కి అభ్యంతరం లేకపోతే నేనైతే 32 వేస్తాను. 18-20 ఉంటే 24 తప్పదు. రెండిట్లో ఏది వేసినా డిడక్షన్ కొత్తగా తీయాలి, ఎంఎస్ అంకె ఇక్కడ పనికిరాదు. ఎస్ఎస్ స్ప్రింగ్ బ్యాక్ (బలం తీయగానే బెండ్ కాస్త వెనక్కి తెరుచుకోవడం) కూడా రెండు మూడు డిగ్రీలు ఉంటుంది, కాబట్టి 90 రావడానికి 87-88 దాకా నొక్కాలి. గాడి కోణం 88 ఉన్న డై అయితే అంతకన్నా కిందికి వెళ్ళే వీలు లేదు. నొక్కితే షీటు గాడి గోడలకి ఆనుకుని బలం ఒక్కసారిగా పెరుగుతుంది, మన 49.6 లెక్క అక్కడ చెల్లదు. 85 లేదా అంతకన్నా తక్కువ కోణం డై ఉందేమో ముందే అడగండి, పంచ్ కోణం కూడా చూడండి. పంచ్, డైల మీద మీటరుకి ఎన్ని టన్నులని రాసి ఉంటుంది. 24 గాడి మీద మీ పనికి కావాల్సింది మీటరుకి 33 టన్నులు, దానికి సరిపోయే టూలే బిగించమనండి.