ఉంగరాల బొచ్చు కుక్కకి ఇంట్లోనే కత్తెరతో జుట్టు కత్తిరించొచ్చా?

మీది టాయ్ పూడుల్, ట్రిమ్మర్ చప్పుడు వింటేనే మంచం కిందకి దూరుతోంది, కత్తెరతో ఇంట్లోనే పని కానివ్వొచ్చా అని అడిగారు. కానివ్వొచ్చండి. మా చెర్రీ కూడా టాయ్ పూడులే, దానికీ ఆ చప్పుడు పడదు. కొన్నేళ్లుగా దాని క్షవరమంతా మా హైదరాబాద్ ఫ్లాట్ బాల్కనీలోనే, కత్తెరతోనే. కాకపోతే ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ పనిలో కత్తెర చేతిలో ఉండేది కాసేపే, దువ్వెనతోనే పొద్దంతా పోతుంది. దువ్వెన సాఫీగా దిగని చోట కత్తెర పెట్టొద్దు.

ఎందుకంటే పూడుల్ బొచ్చు లాబ్రడార్ బొచ్చులా ఇల్లంతా రాలదు, మన తలవెంట్రుకల్లా పెరుగుతూ పోతుంది. రాలే ఆ కాసిని వెంట్రుకలు కూడా కింద పడకుండా ఉంగరాల్లోనే ఇరుక్కుంటాయి. దానికి తడి, రాపిడి తోడైతే చర్మాన్ని అంటుకుని జడలు కడుతుంది. పైకి మాత్రం మెత్తగా, ముద్దుగానే కనిపిస్తుంది. చెవుల వెనక, మెడ పట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో వేళ్లు పెట్టి చూడండి, సంగతి తెలుస్తుంది. నడకకి హార్నెస్ వేస్తుంటే రొమ్ము కింద కూడా చూడండి.

దువ్వడానికి రెండు వస్తువులు కావాలి. సన్నని తీగలున్న స్లిక్కర్ బ్రష్, ఒకవైపు దూరం పళ్లు, ఇంకోవైపు దగ్గర పళ్లు ఉన్న స్టీలు దువ్వెన. కుక్కని పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చుని పైకి ఎత్తి పట్టుకుంటే కింద చర్మం ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీత దగ్గరనుంచి సన్నటి పాయ కిందకి దించి బ్రష్ చేయండి, తర్వాత ఇంకో పాయ. బ్రష్‌ని గట్టిగా అదమొద్దు, తీగలు గీసుకుని చర్మం ఎర్రబడుతుంది. చివర్లో స్టీలు దువ్వెనని మొదళ్లనుంచి కొసలదాకా లాగండి. అది ఎక్కడా ఆగకుండా దిగితేనే ఆ భాగం అయినట్టు. పైపైన దువ్వి "రోజూ దువ్వుతున్నాం కదా" అనుకునే ఇళ్లలోనే కుక్కలు లోపల జడలు కట్టి ఉంటాయి. మా అపార్ట్‌మెంట్‌లోనే చూశాను.

చిక్కు తగిలిందా, కత్తెర కింద దూర్చి తెంపెయ్యకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. చిక్కుని పట్టి లాగితే దాంతోపాటు చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుంది. కుక్క చర్మం పల్చన, బొచ్చులో అది కనబడదు. వెంట్రుకలే అనుకుని నొక్కితే చర్మం తెగి కుట్లు పడతాయి. చిక్కు మొదలుని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకోండి, అప్పుడు లాగినా నొప్పి చర్మం దాకా పోదు. కుక్కలకోసం అమ్మే చిక్కు తీసే స్ప్రే కొద్దిగా కొట్టి, కొసలనుంచి మొదలుపెట్టి దువ్వెన మూలతో కొంచెం కొంచెంగా విడదీయండి. ఒంటినిండా అట్టలు కట్టేసి ఉంటే మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు, పశువుల డాక్టరు దగ్గరకో, అనుభవమున్న గ్రూమర్ దగ్గరకో తీసుకెళ్లి మెషీన్‌తో పొట్టిగా తీయించండి. భయపడే కుక్కయితే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, నెమ్మదించడానికి ఏదైనా మందు ఇవ్వాలో లేదో ఆయనే చూస్తారు. మనుషుల మాత్రలు సొంతంగా వేయొద్దు.

స్నానం దువ్విన తర్వాతే. చిక్కుల మీద నీళ్లు పడి ఆరితే అవి బిగుసుకుపోతాయి, ఇంక విడవవు. మన షాంపూ వద్దు, కుక్క చర్మం తత్వం వేరు, కుక్కల షాంపూయే వాడండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. డ్రైయర్‌ని తక్కువ వేడిలో పెట్టి, వేడి ఎంతుందో ముందు మీ మణికట్టు మీద చూసుకుని, గాలి తగిలే చోటే బ్రష్‌తో వెంట్రుకల్ని సాగదీస్తూ ఆరబెట్టండి. డ్రైయర్ చప్పుడుకి కూడా బెదిరితే ఫ్యాన్ కింద కూర్చోబెట్టి దువ్వుతూ ఉండండి, ఆలస్యమైనా పూర్తిగా ఆరాలి. తడిమీద ఉంగరం సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది. తడిమీద కత్తిరించారంటే ఎగుడుదిగుడుగా మిగులుతుంది.

కత్తెర సంగతి. వంటింటి కత్తెర, కాగితాల కత్తెర పనికిరావు. మొద్దు కత్తెర వెంట్రుకని కోయదు, మడిచి లాగుతుంది, ఆ లాగుడికే కుక్క బెదురుతుంది. ఒంటికి పదునైన పొడవాటి కత్తెర ఒకటి, మొహానికి, పాదాలకి మొన గుండ్రంగా ఉన్న చిన్నది ఒకటి చాలు. వంపు కత్తెర ఉంటే కాళ్లు, తల గుండ్రంగా తీయడం సులువవుతుంది. బొటనవేలు, ఉంగరపువేలు రంధ్రాల్లో పెట్టి, బొటనవేలు వైపు అలుగు మాత్రమే కదపండి, రెండోది కదలకూడదు. ఖాళీగా గాల్లో కాసేపు ఇలా ఆడించి అలవాటు చేసుకోండి, చెయ్యి నిలబడుతుంది.

ఎత్తుగా, జారకుండా ఉండే బల్ల మీద నిలబెట్టండి. రబ్బరు పట్టా పరిస్తే కాళ్లు జారవు, కుక్కకి ధైర్యంగా ఉంటుంది. ఒంటరిగా మాత్రం వదలొద్దు. మా ఇంట్లో అమ్మ తల దగ్గర కూర్చుంటుంది. స్టీలు పళ్లెంలో చక్కెర వేయని పెరుగు పల్చగా పూసి ముందు పెడుతుంది. చెర్రీ పళ్లెం అంచులదాకా నాకుతూ ఉంటే నేను వెనక కాళ్లు పూర్తి చేసేస్తాను. పీనట్ బటర్ పెట్టేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చదవండి, అది కుక్కలకి విషం.

కత్తిరించేటప్పుడు దువ్వెనతో బొచ్చుని నిటారుగా లేపి, కత్తెరని చర్మానికి సమాంతరంగా పట్టుకుని కొసలే తీయండి. మొన చర్మంవైపు తిరగకూడదు. వీపుతో మొదలుపెట్టి పక్కలు, తర్వాత కాళ్లు. కొంచెం తీసి, మళ్లీ దువ్వి లేపి, పైకి వచ్చినవి మళ్లీ తీయాలి. తొడకీ పొట్టకీ మధ్య పల్చటి చర్మం మడత ఒకటి ఉంటుంది, అక్కడ వేళ్లు అడ్డం పెట్టుకునే కత్తిరించండి. పొట్ట కింద చనుమొనలు కూడా చూసుకోవాలి.

చెవుల దగ్గర ఇంకా నిదానం. చెవి అంచుని రెండు వేళ్లమధ్య పట్టుకుంటే తోలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, వేళ్ల బయట మిగిలిన వెంట్రుకలే కత్తిరించండి. చెవి వెనక అంచు మొదట్లో చిన్న సంచిలాంటి మడత ఉంటుంది, కత్తెరకి దొరికిపోయేది అదే. కళ్ల దగ్గర గడ్డం కింద పట్టుకుని తల కదలకుండా చూసి, మూలలో పుసి కట్టిన వెంట్రుకల్ని తడి దూదితో మెత్తబరిచి, ఆరాక గుండ్రటి మొన కత్తెరతో తీయండి, మొన కంటివైపు ఉండొద్దు. పాదాల అడుగున మెత్తలకంటే బయటికి వచ్చిన వెంట్రుకలు సమంగా కత్తిరిస్తే టైల్స్ మీద జారదు. మెత్తల సందుల్లోకి కత్తెర దూర్చొద్దు. వానాకాలంలో ఇదే అదనుగా వేళ్ల సందులు, చెవుల లోపలివైపు పిడుదులున్నాయేమో వెతకండి.

ఎండాకాలం కదా అని చర్మం కనబడేలా తీసేద్దామనుకుంటారు చాలామంది. కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పడంతోనే చల్లబడుతుంది. బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. నేను మే నెలలో కూడా ఒక అంగుళం దాకా ఉంచుతాను.

అంతా ఒక్కరోజులో చేయాలని పట్టుబట్టొద్దు. ఇవాళ పాదాలు, రేపు మొహం, ఎల్లుండి ఒళ్లు. కుక్క తల తిప్పేసుకుని, మాటిమాటికీ పెదాలు నాకుతూ, ఆవలిస్తూ ఉంటే అది విసిగిందని అర్థం, ఆపేయండి. మొత్తం కత్తిరింపు ఆరు వారాలకోసారి పెట్టుకుంటే సరిపోతుంది. మీ కుక్కపిల్ల వయసు రాయలేదు. సుమారు తొమ్మిదో నెలనుంచి ఏడాది దాటేదాకా పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే కాలం, అప్పుడు చిక్కులు విపరీతంగా పడతాయి. ఆ వయసులో ఉంటే ముందు ఒంటిమీద బొచ్చు పొట్టిగా ఉంచి రోజూ దువ్వండి. వయసూ, చిక్కులు ఏ భాగంలో ఎక్కువున్నాయో రాస్తే, మిగతాది చెప్తాను.