సన్‌డ్యూ ఆకుల మీద జిగురు పోయిందా? ముందు నీళ్లు మార్చండి

నమస్కారమండీ. భీమవరంలో మేడ మీద పెట్టిన డ్రోసెరా బర్మానీ (జిగురు ఆకులతో పురుగులను పట్టి తినే సన్‌డ్యూ మొక్కల్లో ఒక రకం) మూడు వారాలకే జిగురు చుక్కలు పోయి నల్లబడుతోందని, వర్మీకంపోస్టు కలిపిన మట్టిలో బోరు నీళ్లతో పెంచుతున్నానని రాశారు. టెన్షన్ పడకండి, నడి మధ్యలో చిగురు పచ్చగా ఉంటే మొక్క బతుకుతుంది.

అసలు తేడా నీళ్లలోనే ఉంది. మన డెల్టా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో చూడండి, వేళ్లను కాల్చేది అదే. వాన నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ వాడండి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 50 పీపీఎం లోపు ఉండాలి. వాన నీళ్లను శ్లాబు గొట్టం కింద పట్టొద్దు, సిమెంటులోని సున్నం దిగుతుంది. ఆరుబయట ప్లాస్టిక్ బకెట్ పెట్టండి.

ఎరువు అసలు వద్దండీ. ఈ మొక్క సారంలేని తడి నేలల్లో పుట్టింది, నేలలో దొరకని పోషకాలను పురుగుల నుంచి తీసుకుంటుంది. పీట్ మాస్‌లో (కుళ్లిన నాచు పొడి) బాగా కడిగిన పెర్లైట్ (తెల్లటి తేలికైన రాతి గుళికలు) సగానికి సగం కలిపి ప్లాస్టిక్ కుండీలోకి మార్చండి. కింద పళ్లెంలో ఒక సెంటీమీటరు నీళ్లు ఎప్పుడూ ఉంచండి. పొద్దుటి ఎండ బాగా తగలాలి.

పాత ఆకులు ఎలాగూ ఎండిపోతాయి, కొత్తవాటిని చూడండి. ఎర్రటి వెంట్రుకల కొసన మెరిసే చుక్క కనిపిస్తే కోలుకున్నట్టే. అప్పుడు దోమ వాలితే అంచు వెంట్రుకలు క్షణాల్లో ముడుచుకుంటాయి, ఎంత ముచ్చటగా ఉంటుందో! పూత వస్తే గింజలు దాచుకోండి, ఈ రకం ఎక్కువగా ఏడాది మొక్కే.