గంగరావికి రెండు పేర్లున్నా చెట్టు ఒక్కటే

మీ కోనసీమ కాలువగట్టు గంగరావికి పాత పుస్తకంలో హైబిస్కస్ పాపుల్నియస్, కొత్తదాంట్లో తెస్పీసియా పాపుల్నియా అని రెండు శాస్త్రీయ నామాలు ఎందుకున్నాయని అడిగారు. కారణం ప్రజాతి (దగ్గరి మొక్కల గుంపు, పేరులో మొదటి మాట) మారడమే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీన్ని మందారాల్లో (హైబిస్కస్) చేర్చాడు (పువ్వు చూస్తే తప్పు పట్టలేం), 1807లో కొరియా అనే పోర్చుగీసు వృక్షశాస్త్రవేత్త విడదీసి తెస్పీసియాలో పెట్టాడు.

చాలామంది వదిలేసేది పేరు చివర ఉండే పొట్టి అక్షరాలు. అవి పేరు పెట్టినవాళ్ల పేర్లకు పొట్టి రూపాలు. అక్కడ బ్రాకెట్లో ‘ఎల్.’ (L.) ఉంటే మొదట పేరు పెట్టింది లినేయస్, ప్రజాతి మార్చింది బ్రాకెట్ తర్వాత ఉన్నవాళ్లు. అంటే కొత్త మొక్క కాదు.

1. మొక్కల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ జాబితా ఐపీఎన్ఐ (IPNI)లో ఆ అక్షరాలతో సహా పోల్చండి. అందులో ప్రచురించిన పేర్లన్నీ ఉంటాయి, ఏది చెల్లుతుందో చెప్పదు.
2. చెల్లే పేరుకు లండన్‌లోని క్యూ (Kew) తోటవాళ్ల వెబ్‌సైటు ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ చూడండి.
3. హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్క నమూనా అంటించిన కాగితం) మీద పాత చీటీ పీకొద్దు. పక్కనే కొత్త పేరు, తేదీ, మీ పేరుతో ఇంకో చీటీ అంటించండి.